చలికాలపు కుక్కగూడు

మనుష్యుని యింట చేరిన జంతువులలో కుక్క అన్నిటికంటె ముందుది. ఆవు, గొఱ్ఱె, గుఱ్ఱము దాని తరువాత వచ్చినవి. వ్యవసాయము ఆరంభము కాకమునుపే, మనుష్యుడు వేటాడి పొట్ట పోసికొను దినములలోనే కుక్క వాని వెంట నడచినది. 1914వ సంవత్సరములో జర్మనీ దేశమున బాన్ నగరము చెంత ఓబర్‌కాసెల్ అను చోట కూలివాండ్రు రాళ్లు త్రవ్వుచుండగా ఒక పురాతనమైన సమాధి బయటపడెను. అందులో ఒక పురుషుని యెముకలు, ఒక స్త్రీ యెముకలు, వానితోపాటు ఒక కుక్కపిల్ల యెముకలును ఉండెను. ఆ సమాధి సుమారు 14,000 సంవత్సరముల నాటిది. ఆ పిల్ల పండ్లను ఇటీవల పరీక్షించిన పండితులు, అది కొన్ని వారములపాటు జబ్బుపడి యుండెననియు, ఎవరో దగ్గరనుండి సాకనిదే అన్నినాళ్లు బ్రతికి యుండదనియు అభిప్రాయపడిరి. కుక్కను గూర్చిన శ్రద్ధ మనుష్యజాతికి అంత పాతది.

అయితే శ్రద్ధ వేరు, తెలివి వేరు. ఆరుబయట నుండు కుక్కకు చలికాలమున ఎట్టి గూడు కట్టవలెను, ఎక్కడ కట్టవలెను, అందులో ఏమి పఱవవలెను అను ప్రశ్న చూచుటకు చిన్నది. దీనికొక చరిత్ర కూడ ఉన్నదా యని కొందఱికి తోపవచ్చును. కాని ప్రభువులు, వేటగాండ్రు, ధ్రువప్రాంతములకు పోయిన సాహసికులు, ప్రయోగశాలలలోని శాస్త్రజ్ఞులు దీనిని గూర్చి ఆలోచించిరి, వ్రాసిరి, కొన్ని యెడల పొరపడి నేర్చుకొనిరి. వారి యనుభవములను వరుసగా చూచినచో మనుష్యుడు రెండు విధములుగ పొరపడుచుండుట కానవచ్చును. కుక్క కూడ తనవంటిదే యనుకొని, తనకు సుఖమైనదెల్ల దానికిని సుఖమని తలచుట మొదటిది. దానికి బొచ్చున్నది గదా, ఏ చలియైనను దాని నేమి చేయునని తలచుట రెండవది. ఈ రెంటికి నడుమనున్న దారిని కనుగొన్నవారి కథయే నేటి ప్రసంగము.

ఏరియన్ పేరు మన దేశచరిత్ర చదివినవారికి క్రొత్త కాదు. అలెగ్జాండరు దండయాత్రను, అప్పటి హిందూదేశ వర్ణనమును గ్రీకు భాషలో వ్రాసిన వాడాతడే. క్రీస్తుశకము రెండవ శతాబ్దివాడు. అతడు వేటకుక్కలను గూర్చి కూడ ఒక చిన్న గ్రంథము వ్రాసెను. కుక్కకు మెత్తని, వెచ్చని పడక ఉండవలెనని అందులో చెప్పినాడు. అంతకంటె మేలైనది, అది మనుష్యుని ప్రక్కన పండుకొనుట యనియు చెప్పినాడు. ఇందుకు ఆయన చూపిన కారణములు అనుభవజ్ఞుని కారణములు. మనుష్యుని చెంత పండుకొనిన కుక్క మనుష్యులకు మచ్చికయగును. రాత్రివేళ దానికి నలతగా నున్నను, దప్పిగొన్నను యజమానికి వెంటనే తెలియును. అనగా పడకచోటును నిర్ణయించుటలో ఆయన వెచ్చదనముతోపాటు, కుక్క స్థితి మనకు తెలియుచుండుటను కూడ లెక్కలోనికి తీసికొనెను. ఇంటికి దూరముగ గూడు కట్టి అందులో కుక్కను మఱచిపోవువారు ఈ మాటను గుర్తుంచుకొనదగును.

కుక్కల కొట్టమును ఒక కట్టడముగ భావించి, దాని కొలతలతోసహా వ్రాసిపెట్టిన ప్రసిద్ధుడు ఫ్రాన్సు దేశపు గాస్తాన్ ఫీబస్. పిరినీసు పర్వతముల దిగువనున్న ఫ్వా ప్రాంతమునకు ప్రభువు. వేట యనిన ప్రాణము. 1387లో ఆరంభించి ఆయన వేటను గూర్చి ఒక గొప్ప గ్రంథమును రచించెను. 1391లో ఎలుగుబంటి వేటాడి వచ్చినదినమే మరణించెను. ఆ గ్రంథమును ఇంగ్లండులో యార్కు డ్యూకు ఎడ్వర్డు కొన్ని చేర్పులతో ఆంగ్లీకరించెను. ఈ ఎడ్వర్డు 1415లో ఏజిన్‌కోర్టు యుద్ధమున మడిసెను. కాబట్టి ఆ ఆంగ్లగ్రంథమునకు కూడ ఆఱువందల యేండ్లు దాటినవి.

అందులో చెప్పిన కొట్టము సుమారు అఱువది యడుగుల పొడవు, ముప్పది యడుగుల వెడల్పు గలది. వేటకుక్కలు గుంపులుగ నుండును గనుక అంత పెద్దది. దానిని కొయ్యతో కట్టవలెను. దాని యడుగుభాగము నేలకు ఒక యడుగు ఎత్తున ఉండవలెను. పైన అటక యుండవలెను. అటక యున్నచో లోపల వేసవిలో చల్లగాను, చలికాలములో వెచ్చగాను ఉండును. నీరు పోవుటకు కాలువ ఉండవలెను. పఱచిన గడ్డిని ప్రతిదినము మార్చవలెను. వర్షములో తడిసి, చలికి వణకుచు వచ్చిన కుక్కలు కాగుకొనుటకు పొగగొట్టముతో కూడిన నిప్పుగూడు ఉండవలెను. రాత్రులందు కుక్కలు కఱచుకొనకుండ చూచుటకు ఒక కుఱ్ఱవాడు వానితోనే పండుకొనవలెను. ఏరియన్ చెప్పిన మనుష్య సాహచర్యము ఇక్కడ ఒక కొలువుగ మాఱినది.

ఇవన్నియు బాగుగ నున్నవి. కాని నా దృష్టిలో ఆ గ్రంథములోని అమూల్యమైన యంశము తలుపులను గూర్చినది. కొట్టమునకు ముందొక తలుపు, వెనుకొక తలుపు ఉండవలెను. వెనుకటి తలుపు, ఉదయము నుండి సాయంకాలము వఱకు ఎండ తగులు ఒక పచ్చికబయలు లోనికి తెఱచుకొనవలెను. ఆ తలుపును ఎన్నడును మూయరాదు. తమ యిష్టము వచ్చినపుడు లోపలికి పోవుట, యిష్టము వచ్చినపుడు బయటికి వచ్చుట కుక్కలకు మిక్కిలి ప్రియమనియు, దానివలన వాని ఆరోగ్యము బాగుండుననియు ఆ వేటగాండ్రు గ్రహించిరి. కొయ్య, గడ్డి, నిప్పు అన్నియు సమకూర్చిన తరువాత, ఎప్పుడు చలి, ఎప్పుడు ఎండ అను నిర్ణయమును కుక్కకే విడిచిపెట్టిరి. తరువాతి అయిదువందల యేండ్లలో చలితో పోరాడినవారందఱు తమ కష్టములమీదుగ మరల ఈ సూత్రమునకే వచ్చుట మనము చూడగలము.

ఈ సూత్రమునకు అగ్నిపరీక్ష జరిగిన స్థలము దక్షిణ ధ్రువఖండమైన అంటార్కిటికా. అక్కడ మన వేసవి చలికాలము. ఏప్రిల్ మొదలు ఆగస్టు వఱకు చాల భాగము చీకటి. అక్కడికి మంచుబండ్లను లాగుటకై తీసికొనిపోయిన గ్రీన్‌లాండు, కెనడా, సైబీరియా కుక్కలకు రెండు పొరల బొచ్చుండును. పైపొర నిడుపై, ముతకయై, మంచును లోనికి పోనీయదు. లోపలిపొర ఉన్నివలె దట్టమై గాలిని పట్టియుంచును. ఆ కుక్క పండుకొనునపుడు చుట్టగ చుట్టుకొని, ముక్కును పాదములను తోకక్రింద దాచుకొనును. దానిమీద పొడిమంచు పేరుకొనినచో, ఆ మంచులో చిక్కుకొనిన గాలి దుప్పటివలె పనిచేయును.

1911 జనవరిలో నార్వే దేశీయుడైన రోఆల్డ్ అముండ్‌సెన్ అక్కడి తిమింగిలాల అఖాతమున దిగి, ఫ్రామ్‌హైమ్ అను శిబిరమును నెలకొల్పెను. వాని యొద్ద నూటికి మించిన గ్రీన్‌లాండు కుక్కలు ఉండెను. మనుష్యులు తొమ్మండుగురు. మనుష్యులకొక కొయ్యయిల్లు, కుక్కలకు ఎనిమిది పెద్ద గుడారములు. ఒక్కొక్క గుడారము పదునాఱుగురు మనుష్యులు పట్టునది. వానిని ఊరక మంచుమీద నిలుపలేదు. మొదట గట్టిపడిన మంచును ఆరడుగుల లోతు త్రవ్వి, ఆ గోతిపైని గుడారమును నిలిపిరి. దానివలన ఎంతటి గాలి వీచినను కుక్కలు గోతిలో గాలి తగులక యుండెను. పగలు వానిని విడిచిపెట్టుచు, రాత్రి గుడారములలో వరుసగా కట్టివేయుచుండిరి. ఆ చలికాలమున ఉష్ణము సున్నకు దిగువ సుమారు 59 సెంటీగ్రేడు డిగ్రీల వఱకు పడిపోయెను. అట్టి చలిలో కుక్కలను కాచినది నిప్పు గాదు. గాలి తగులని గోయి, కడుపునిండ సీలుమాంసము, పగటివేళ స్వేచ్ఛ.

ఆ కుక్కలే గూడు విడిచిన తరువాత ఏమైనవో కూడ చూడవలెను. తొందరపాటుతో అముండ్‌సెన్ సెప్టెంబరు 8వ తేదీననే ధ్రువమునకు బయలుదేఱెను. దారిలో సున్నకు దిగువ 56 డిగ్రీల చలి ఎదురయ్యెను. కుక్కల పాదములు చెడినవి. వారు వెనుదిరిగిరి. ఎంతటి బొచ్చు గలిగిన కుక్కకైనను చలిని ఓర్చుటకు ఒక మేర కలదని దీనివలన తెలియుచున్నది. మరల అక్టోబరులో 52 కుక్కలతో పోయి, డిసెంబరు 14వ తేదీన ధ్రువమును చేరి, 1912 జనవరి 25వ తేదీన తిరిగి వచ్చునప్పటికి మిగిలిన కుక్కలు 11. తక్కినవానిలో అనేకమును ముందు వేసికొనిన లెక్క ప్రకారము దారిలో చంపి, మనుష్యులకును మిగిలిన కుక్కలకును ఆహారముగ వాడిరి. ఆ విజయమును ప్రశంసించువారు ఈ మూల్యమును కూడ చెప్పుట న్యాయము.

గాలి ఎంత చేయునో చూపినది ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు డగ్లస్ మాసన్ శిబిరము. 1912లో ఆయన బృందము కేప్ డెనిసన్ అను తీరమున నివసించెను. సముద్రమట్టమునకు దగ్గరగ, ప్రపంచమున అంతకంటె గాలి తీవ్రముగ వీచు తావు అరుదు. అక్కడి కుక్కలు గాలివానలో పండుకొనినపుడు, వాని యొంటివేడికి క్రిందిమంచు కొంచెము కరగి, మరల గడ్డకట్టి, బొచ్చును నేలకు అతికించివేయుచుండెను. మనుష్యులు గొడ్డలితో మంచును చెక్కి వానిని విడిపింపవలసి వచ్చెను. పొడిగ నున్నంతవఱకు మంచు కుక్కకు దుప్పటి. తడిసి గడ్డకట్టిన మఱుక్షణము అదే సంకెల. ఫీబస్ కొట్టము నేలకు ఒక యడుగు ఎత్తున ఎందుకుండెనో ఇక్కడ మరింత విశదమగుచున్నది. చలికి తడి తోడైనచో బొచ్చు వ్యర్థము.

1914లో సర్ ఎర్నెస్ట్ షాకిల్టన్ 'ఎండ్యూరెన్సు' అను ఓడలో 69 కుక్కలను తీసికొని బయలుదేఱెను. 1915 ఆరంభమున ఓడ వెడెల్ సముద్రమున మంచులో చిక్కుకొనెను. ఇక చలికాలమంతయు అక్కడనే యని తేలిన తరువాత, కుక్కలను ఓడమీదనుండి దింపి, ఓడ చుట్టునున్న మంచుదిబ్బపై వానికి గూళ్లు కట్టిరి. మంచుగడ్డలను ఇటుకలవలె పేర్చి గోడలు, పైన పలకలు గాని, గడ్డకట్టిన సీలుచర్మములు గాని కప్పు, దానిపై మంచుపొడి, ఆపైన నీరు పోసినచో కొలది క్షణములలో అంతయు రాయివలె బిగిసికొనుచుండెను. ఎస్కిమోల మంచుయిండ్లకు ఇగ్లూలని పేరు గదా. నావికులు వీనికి పరిహాసముగ 'డాగ్లూ'లని పేరు పెట్టిరి. లోపల తడి తగులకుండ పలకలు వేసి, వానిపై గడ్డి పఱచిరి. గొలుసు బిగించుట కూడ సులభమే. దాని కొనను ఎనిమిది అంగుళముల లోతున మంచులో పాతి, కొంచెము నీరు పోసినచో మేకు అవసరము లేకయే బిగిసిపోవును.

ఇంత శ్రద్ధతో కట్టిన ఆ గూళ్లను కుక్కలు ఏమి చేసినవి? అతి తీవ్రమైన గాలివానలలో తప్ప, అవి లోపల పండుకొనలేదు. బయట మంచులోనే పండుకొనుటకు ఇష్టపడినవి. ఈ సంగతిని షాకిల్టనే వ్రాసినాడు. కట్టినవారి శ్రమ వ్యర్థమైనదా? కాలేదు. గాలివాన వచ్చిన దినమున ఆ గూడు సిద్ధముగ ఉండెను. మామూలు చలికి తన బొచ్చు చాలునని కుక్కకు తెలుసు. చాలని వేళ ఏదో కూడ దానికి తెలుసు. గొలుసు గూటి ముంగిట పొడవుగ నుండుటచేత, లోపలా బయటా యను నిర్ణయము దాని చేతిలోనే యుండెను. ఫీబస్ తెఱచియుంచిన వెనుకటి తలుపు ఇక్కడ మంచులో మరల కానవచ్చుచున్నది.

ఆగస్టు 1వ తేదీన మంచుదిబ్బ పగిలి కదలుచుండగా, నావికులు కుక్కలను త్వరత్వరగ ఓడమీదికి ఎక్కించిరి. ఆ డాగ్లూలు నిమిషములలో నలిగి పొడియైనవి. ఎవరును సమయమునకు దగ్గఱ లేకుండిన యెడల, మంచులో పాతిన గొలుసులే వాని ప్రాణము తీసియుండును. ఓడ ఆ సంవత్సరము నవంబరులో మునిగిపోయెను. ఆహారము చాలక, 1916లో మిగిలిన కుక్కలన్నిటిని కాల్చివేసిరి.

గొలుసు సంగతి ఇంకను స్పష్టముగ చెప్పినది జపాను కుక్కల కథ. 1958 ఫిబ్రవరిలో అంటార్కిటికాలోని షోవా స్థావరమునుండి జపాను బృందము తిరిగి రావలసియుండగా, వారి స్థానమున రావలసిన బృందము వాతావరణము చెడుటచే దిగలేకపోయెను. స్థావరమున 15 సఖాలిన్ కుక్కలు ఉండెను. కొలది దినములలో క్రొత్తవారు వత్తురని తలచి వానిని గొలుసులతో కట్టి, కొంత ఆహారము పెట్టి వచ్చిరి. ఎవరును పోలేదు. దాదాపు ఒక సంవత్సరమునకు, 1959 జనవరి 14వ తేదీన, తరువాతి బృందము అక్కడ దిగినపుడు టారో, జిరో అను రెండు కుక్కలు ప్రాణములతో ఎదురువచ్చినవి. ఏడు కుక్కలు గొలుసులలోనే మరణించి యుండెను. ఆఱు గొలుసు తప్పించుకొని పోయి, మరల కనబడలేదు.

ఆ రెంటికి ఎవరును గూడు కట్టలేదు, గడ్డి పఱవలేదు. అయినను ఒక ధ్రువప్రాంతపు చలికాలమును అవి గడపగలిగినవి. స్వేచ్ఛ యుండుటచేత తిండిని వెదకుకొనినవి, గాలి తగులని చోటును వెదకుకొనినవి. గొలుసులోనున్న ఏడింటికిని అదే బొచ్చు, అదే బలము. లేనిది ఎంచుకొనుటకు వీలు మాత్రమే. జిరో 1960లో అంటార్కిటికాలోనే చనిపోయెను. టారో స్వదేశమునకు తిరిగివచ్చి, సప్పోరో నగరమున 1970 వఱకు జీవించెను. జపానులో ఈ కథ తెలియనివారు అరుదు.

1991లో మాడ్రిడ్ నగరమున కుదిరిన ఒడంబడిక ననుసరించి, అక్కడి సీలు మొదలగు వన్యప్రాణులకు కుక్కల రోగములు సోకకుండ, 1994 ఏప్రిల్ 1వ తేదీలోపల కుక్కలనన్నిటిని అంటార్కిటికానుండి తొలగింపవలసి వచ్చెను. దానితో అక్కడ ఒక శతాబ్దపు కుక్కగూళ్ల చరిత్ర ముగిసినది.

నావికులు కంటితో చూచిన దానిని శాస్త్రజ్ఞులు కొలిచి చూపిరి. 1950లో షోలాండర్, ఇర్వింగు మొదలగువారు అలాస్కాలోని పాయింట్ బారో వద్ద శీతదేశపు జంతువులను, పనామా అడవులలోని ఉష్ణదేశపు జంతువులను పోల్చి పరిశోధించిరి. చలి ఒక మేర దాటినపుడు జంతువు తన యొంటివేడిని నిలుపుకొనుటకు లోపలి అగ్నిని ఎక్కువ చేయవలసియుండును. అనగా ఎక్కువ ఆహారమును ఖర్చు చేయవలెను. ఉష్ణదేశపు జంతువులకు ఆ మేర 20, 30 డిగ్రీల నడుమనే వచ్చును. ధ్రువప్రాంతపు తెల్లనక్కకు సున్నకు దిగువ సుమారు 40 డిగ్రీల వఱకు రాదు. పాదముల సంగతిని జపాను శాస్త్రజ్ఞులు 2011లో వివరించిరి. కుక్కపాదములలో వేడిరక్తమును తెచ్చు నాళములును, చల్లబడిన రక్తమును కొనిపోవు నాళములును ఒకదాని నొకటి ఆనుకొని యుండును. పోవు రక్తము వచ్చు రక్తమునుండి వేడిని గ్రహించును. అందుచే మంచుమీద నిలిచినను దేహపు వేడి వెంటనే నేలపాలు గాదు.

అయితే ఇదంతయు దట్టమైన బొచ్చు గల శీతదేశపు కుక్కకు చెల్లును. కుక్కలన్నియు ఒకటి కావు. పొట్టిబొచ్చు కుక్క, సన్నని కుక్క, చిన్న కుక్క త్వరగ చల్లబడును. చిన్న దేహమునకు బరువుతో పోల్చినచో చర్మము ఎక్కువ. వేడి బయటికి పోవు దారియు ఎక్కువ. పిల్లలకు, ముసలివానికి, జబ్బుపడినవానికి ఈ బాధ మఱింత అధికము. మన తెలుగుదేశపు ఊరకుక్కలు పొట్టిబొచ్చువి; ఎండకు తగినవి. అవి చలికాలపు రాత్రులలో ఏమి చేయునో గమనించినవారికి పై చరిత్ర యంతయు కండ్లయెదుట నుండును. ఒకటి గడ్డివాము మొదట గుంట చేసికొని దూరును. ఒకటి పొయ్యి బూడిద పారబోసిన కుప్పలో చుట్టుకొనును. ఒకటి గోడవార, గాలి తగులని మూల ఇసుకను కాలితో త్రవ్వుకొని పండుకొనును. పొడినేల, గాలి తగులని తావు, ఒంటికి సరిపోవు చిన్న గుంట. ఫీబసుకును, అముండ్‌సెన్‌కును తెలిసినది ఇంతకంటె ఎక్కువ కాదు.

మన ప్రాంతములలో చలి లేదనుకొనుట సరికాదు. విశాఖ మన్యమున లంబసింగిలో కొన్ని యేండ్లలో ఉష్ణము సున్న దరిదాపులకు వచ్చును. ఆదిలాబాదు ప్రాంతమున 5 డిగ్రీలకు దిగువకు పోవుట కద్దు. తక్కిన చోట్ల చలికంటె తెల్లవారుజాము మంచు తడి ఎక్కువ బాధించును. కాబట్టి ఆరుబయట కుక్కను ఉంచు గృహస్థులు గూడు ఏర్పఱచుటలో కొన్ని విషయములను గమనింపవలెను.

గూడు పెద్దదైనచో మేలనుకొనుట మొదటి పొరపాటు. అందులోని గాలిని వెచ్చచేయునది కుక్క యొంటివేడియే. వేఱొక పొయ్యి లేదు. కుక్క నిలువబడుటకు, చుట్టు తిరుగుటకు, కాళ్లు చాపి పండుకొనుటకు చాలినంత యున్నచో సరి. అంతకంటె చాల పెద్దదైనచో ఆ వేడి చాలదు. కొయ్య మంచిది. రేకు చలిరాత్రి త్వరగ చల్లబడి, లోపలివైపున చెమర్చి బొట్లు రాల్చును. కప్పు వాలుగ నుండవలెను. అడుగుపలకలను నేలకు ఆననీయక, నాలుగుమూలల ఇటుకలు పెట్టి ఎత్తవలెను. సిమెంటు నేలమీదనే పండుకొనబెట్టుట మంచిది కాదు. కప్పుక్రింద ఒక చిన్న రంధ్రమున్నచో ఊపిరితేమ బయటికి పోవును.

ద్వారమును నడుమ గాక ఒక ప్రక్కకు పెట్టినచో, కుక్క రెండవ మూలకు ఒదిగి గాలిని తప్పించుకొనగలదు. మన వైపు చలికాలపు గాలి ఉత్తరమునుండి, ఈశాన్యమునుండి వీచును. సూర్యుడు దక్షిణపు వైపు వాలి నడచును. కావున ద్వారము దక్షిణమునకో ఆగ్నేయమునకో ఉన్నచో గాలి తప్పును, ప్రొద్దుటెండ దొరకును. ద్వారమునకు గోనెపట్టా తెర వ్రేలగట్టవచ్చును. కాని కుక్క దానిని తలతో త్రోసికొని రాకపోకలు చేయగలిగి యుండవలెను. లోపల పాతదుప్పటి పఱచుట మన అలవాటు. గుడ్డ తేమను పీల్చి తనలో నిలుపుకొనును. ఎండిన గడ్డి తన పోచలనడుమ గాలిని నిలుపును. కుక్క అందులో గుంట చేసికొని ఒదుగును. వరిగడ్డి మనకు సులభముగ దొరకును. తడిసినను, నలిగి పొడియైనను మార్చవలెను. నిప్పుకుంపటి, విద్యుద్దీపము లోపల పెట్టుట అపాయము.

పరాయి దేశములలో ఇట్టి విషయములు చట్టములలోనికి కూడ ఎక్కినవి. అమెరికాలో 1966లో చేసిన జంతుసంక్షేమ చట్టము క్రింది నియమములు ప్రయోగశాలలు, కుక్కలను అమ్మువారు మొదలగువారికి వర్తించును. ఉష్ణము 50 ఫారన్‌హీటు డిగ్రీలకు, అనగా 10 సెంటీగ్రేడు డిగ్రీలకు దిగినచో ఆరుబయటి గూటిలో పొడియైన పఱుపు ఉండవలెననియు, 35 ఫారన్‌హీటు డిగ్రీలకు దిగినచో మరికొంత పఱుపు చేర్చవలెననియు, ద్వారమునకు గాలిని వానను ఆపు అడ్డు ఉండవలెననియు, ఇనుపపీపాలను గూళ్లుగ వాడరాదనియు అందు కలదు.

మన దేశమున 1960లో చేసిన జంతుహింసా నివారణ చట్టము గూటి కొలతలను చెప్పదు. కాని ఇంకొక విషయమును చెప్పుచున్నది. జంతువును అనుచితముగ పొట్టియైన గొలుసుతోగాని, బరువైన గొలుసుతోగాని తగనంత కాలము కట్టివేయుట నేరము. ఎల్లప్పుడు కట్టివేసిన కుక్కను తగినంత త్రిప్పక అశ్రద్ధ చేయుట కూడ నేరమే. ఈ చట్టమునకు మూలమైన ప్రయత్నమును రాజ్యసభలో ఆరంభించినవారు ప్రసిద్ధ నర్తకి శ్రీమతి రుక్మిణీదేవి అరుండేల్. షోవా స్థావరమున ఏడు కుక్కలు మరణించినట్లు తెలిసిన మఱుసటి సంవత్సరమే మన చట్టము వచ్చినది. రెంటికిని సంబంధము లేదు. కాని రెండును గొలుసును గూర్చియే మాట్లాడుచున్నవి.

ఎందుకనగా కట్టివేసిన కుక్క తన కాలితో గుంట త్రవ్వుకొనలేదు, గడ్డివాములో దూరలేదు, గాలి మఱలినపుడు చోటు మార్చుకొనలేదు. దానికి తెలిసిన విద్య యంతయు గొలుసు పొడవులో ఆగిపోవును. అప్పుడా విద్యకు బదులు మన జాగ్రత్త నిలువవలెను. గొలుసు తప్పనిసరియైన యిండ్లలో, అది గూటి లోపలి మూలవఱకు అందునట్లును, బయట ఎండవఱకు అందునట్లును ఉండవలెను. నీటిపాత్రయు దాని కందుబాటులో ఉండవలెను.

గూడు కట్టిన తరువాత మొదటి నాలుగైదు రాత్రులు ఒకసారి లేచి చూచుట మంచిది. కుక్క లోపల చుట్టుకొని నిద్రించుచున్నచో గూడు కుదిరినదని తెలిసికొనవచ్చును. బయట పండుకొని వణకక సుఖముగ నున్నచో బలవంతపెట్టి లోపలికి త్రోయనక్కఱలేదు. షాకిల్టన్ కుక్కలును అట్లే చేసినవి. బయట వణకుచు, లోపలికి పోనొల్లక యున్నచో, లోపము గూటిలో ఉన్నది. చేయి లోపల పెట్టి గడ్డిని తడిమి చూడవలెను. చాల యెడల అది తడిసియుండును.